ఉప్పుగాలిలో ఎర్ర పేలిక

మొన్న పర్లాకిమిడి బండి కోసం నౌపడ జంక్షన్లో దిగి, స్టేషను బయట టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. బండి ఎప్పుడొస్తుందో చూద్దామని ఫోను తీశాను. నేను అడక్కుండానే అది పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఒకసారి ఒళ్ళు విదిల్చుకుని, పక్కనున్న వైఫైకి అతుక్కుపోయింది. తెర మీద ఆ వైఫై పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాటల్లో కనిపించింది: "కోసింది నానే."

ఆ రెండు మాటలూ టైపు చేసింది నేనే. ఉద్యోగరీత్యా తెలుగు మాస్టార్ని, ప్రవృత్తిరీత్యా కవిని. నా కవితలు పత్రికలకు వెళ్ళినంత శ్రద్ధగానే తిరిగొచ్చేవి. ఇన్నేళ్ళలో నా రచనల్లో జనం అత్యధికంగా చదివింది ఈ రెండు మాటలే. వీటిని చెప్పి రాయించినవాడు కేబుల్ మావ. ఆయన పోయి కొన్నేళ్ళయింది. మనిషి పోయినా ఆయన గాలి ఇంకా పోలేదన్నమాట.

ఆ చుట్టుపక్కల హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో నేను ఆయన ఇంటి పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఊరు ఊరంతా ఆయన్ని కేబుల్ మావ అనేది. వయసులో పెద్దవాళ్ళు కూడా మావా అనే పిలిచేవారు. టీవీ కేబులుతో మొదలుపెట్టి ఇంటింటికీ ఇంటర్నెట్టు ఇచ్చేదాకా వచ్చాడు. మా రెండు వాటాలకూ మధ్య గదిలో ఆయన కంట్రోల్ రూము. గోడ నిండా ఆకుపచ్చగా మినుకుమినుకుమనే డబ్బాలు, మూలన ఒక ఇనుప రాడ్డు ఉండేవి. రాడ్డు దేనికి మావా అని అడిగాను, చేరిన కొత్తలో.

"కస్టమర్ కేరు" అన్నాడు.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో పొడుగాటి మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుండేవి. ఒక చెవి తమ్మె సగం లేదు. అదెలా పోయిందంటే "బామ్మర్ది ముద్దెట్టుకున్నాడు" అనేవాడు. ఎడమచేతి వాటం. ఆ చేతికే స్టీలు గొలుసు వాచీ, పెళ్ళిలో మావగారు పెట్టినది. ఎవరినైనా కొట్టే ముందు ఆ వాచీ విప్పి, పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేవాడు.

మొదటిసారి నా చేతిలో పెట్టినప్పుడు టైమెంతో చూడమంటున్నాడనుకున్నాను. తొమ్మిదింపావు అని చెప్పి తలెత్తేసరికి ఎదుటి మనిషి కింద ఉన్నాడు. మావ డబ్బాలోంచి దొంగతీగ లాగినవాడతను. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది. అరచేతిలోకి ఒక పన్ను ఉమ్ముకుని, అది తనదేనా కాదా అన్నట్టు చూసుకుంటున్నాడు. మావ నా దగ్గర వాచీ తీసుకుని పెట్టుకున్నాడు.

"పన్నైతే కట్టించుకోవొచ్చు మేస్టారూ. ఈ వాచీ అద్దం ఎక్కడా దొరకదు."

మర్నాడు ఆ మనిషిని బండెక్కించుకుని టెక్కలి తీసుకెళ్ళి పన్ను కట్టించింది కూడా ఆయనే. మావ జీవితంలో కట్టిన పన్ను అదొక్కటేనని గిట్టనివాళ్ళు అనేవారు.

ఆదివారాలు నాకు పొద్దుపోయేది కాదు. ఆయనకు పక్కన మాట్లాడే తోడు లేకపోతే ఊపిరాడేది కాదు. అలా బండి వెనక సీటు నాదైంది, బండితో పాటు వాచీ కాపలా కూడా. బళ్ళో పిల్లలు చాటుగా నన్ను వాచ్‌మన్ అనేవారు.

ఆ బామ్మర్ది గురించి చెప్పాలి. మావ భార్యకు సొంత తమ్ముడు. నరసన్నపేటలో ఉండేవాడు. ఒక పెద్ద కంపెనీ ఏజెన్సీ తీసుకుని బావగారి ఊళ్ళ మీదికి తీగలు లాగడం మొదలుపెట్టాడు. పెద్ద కంపెనీ కాబట్టి ఇంట్లో వేగం ఎక్కువ. మావ దగ్గర వేగం తక్కువ, కోపం ఎక్కువ. ఆ యుద్ధంలో ఆయుధం కటింగ్ ప్లేయరు. ఈయన మనుషులు వాళ్ళ తీగ కోస్తే, వాళ్ళ మనుషులు వచ్చి ఈయన డబ్బాల్ని రాళ్ళతో నుజ్జు చేసేవారు. స్తంభమెక్కిన లైన్‌మన్ని కాలు పట్టి కిందికి లాగేవారు. అలా పడి ఒకతని తల పగిలితే, మావ నరసన్నపేట బజార్లో పట్టపగలు బామ్మర్ది వ్యాను అద్దాలన్నీ రాడ్డుతో దించేశాడు. చెవి తమ్మె పోయింది ఆనాడే. తీగ లాగితే డొంక కదులుతుందంటారు. వాళ్ళు తీగ లాగితే ఆస్పత్రి కదిలేది.

ఉప్పు మడులూ సరుగుడు తోటలూ దాటి వెళితే సముద్రపు ఒడ్డున ఒక చేపలపల్లె. అక్కడికి ఏ సెల్ టవరు సిగ్నలూ సరిగ్గా అందదు. మగవాళ్ళలో సగం మంది గుజరాత్‌లో వేరావల్ పోయి బోట్ల మీద పనిచేస్తారు. మావ ఇంటింటికీ తీగ లాగాడు గానీ జనం పెదవి విరిచారు. ఒడ్డున చేపలు ఆరబెడుతున్న ఒకావిడ ఆయన్ని మొహం మీదే అడిగింది.

"మావా, నీ నెట్టేమో ఇంట్లో ఉన్నాది. మేమేమో పొద్దల్లా ఇక్కడుంటాం. నా మొగుడు అక్కడ్నించి ఫోన్ సేసి గోడలకి ఊసులు సెప్తాడేటి?"

ఆ మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. కొట్టడమే తెలిసినవాడికి తగలడం కొత్త.  తిరుగుదారిలో ఉప్పు మడుల దగ్గర బండి ఆపేశాడు.

"మేస్టారూ, గేదెని ఇంటికాడ కట్టీసి, గడ్డీ ఇంటికాడే ఏస్తే పాలిస్తాదేటి? పలుపు ఇంటికాడుండాల. మేత బయటుండాల."

అదీ ఆయన వ్యాపార వ్యూహం. ఇంట్లో ఆయన తీగ పెట్టించుకున్నవాళ్ళకి బయట ఆయన వైఫై ఊరికే. చేపల ఒడ్డున ఒక గుంజకి, ఉప్పు మడుల దారిలో ఒక స్తంభానికి, స్టేషను టీ కొట్టు చూరుకి ఎండావానా తట్టుకునే తెల్ల డబ్బాలు కట్టాడు. ఇంట్లో వాడే ఫోను గడప దాటగానే దానంతటదే ఆ డబ్బాల గాలి అందుకునేది.

"బామ్మర్దిని ఇంట్లో ఎంత ఏగమైనా ఇవ్వనీ. గడప దాటితే ఆడి నెట్టు సచ్చిపోతాది. నాది గడప దాటినాకే బతుకుతాది. ఇంక నన్ను మానుకోడం ఎవులి తరం?"

పల్లె వాళ్ళు దానికి గాలివల అని పేరు పెట్టారు. అంతర్జాలం అన్న మాటను నేను బళ్ళో ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రుద్దినా ఒక్కడి నోటా పలకలేదు. వీళ్ళు ఎండుచేపలు తిరగేస్తూ దాన్ని తెలుగు చేసేశారు.

ప్రతి డబ్బాకీ ఒక పేరుండాలి. ఎవరు ఫోను తెరిచినా ముందు ఆ పేరే కనిపిస్తుంది. కవిని కదా అని ఆ పని నాకు అప్పగించాడు. రాత్రంతా ఆలోచించి ఒడ్డు మీది డబ్బాకి "సాగరసుధ" అని పెట్టాను.

"ఇదేటి, సబ్బు పేరా?" అన్నాడు. "ఇది సదివి నా బామ్మర్ది బయపడాల."

అలా పుట్టింది నా తొలి ప్రజాసాహిత్యం: "కోస్తే కోస్తాను." ఆ తర్వాత "తీగ ముట్టకు". ఆ తర్వాత "బామ్మర్దీ బయటకి రా". రెండ్రోజులకి నరసన్నపేటలో వాళ్ళ డబ్బా ఒకటి "నువ్వే రా బావా" అని జవాబిచ్చింది. జనం పొద్దున లేచి పేపరు మానేసి వైఫై పేర్లు చదవడం మొదలుపెట్టారు. చివరికి మావ భార్య, ఆవిడకి అటు తమ్ముడు ఇటు మొగుడు, ఒకరోజు కంట్రోల్ రూములోకొచ్చి నా చేత ఇంకో పేరు పెట్టించింది: "ఇద్దరూ తిండికి రండి." ఆ వారం ఎవరూ ఏ తీగా కొయ్యలేదు.

తర్వాత బామ్మర్ది ఆ చేపలపల్లెకీ తీగ లాగాడు. అవే కరెంటు స్తంభాల మీద, మావ తీగ పక్కనే. గొడవ ముదురుతుందని తెలిసి ఊరిపెద్ద ఇద్దర్నీ ఒడ్డుకి పిలిపించి అందరి ముందూ చెప్పాడు.

"తీగలు రెండుండనీ, పదుండనీ. ఎవుడైనా ఎదుటోడి తీగ కోస్తే ఆడి తీగ మా ఊర్లో ఉండదు. ఆడు మా ఒడ్డు తొక్కడు. మా మగోల పేణాలు ఆ తీగ మీద నడుస్తన్నాయి. ఇదే ఆకరు మాట."

సరేనని ఇద్దరూ తలలూపారు. సముద్రం సాక్షిగా ఊపారు గానీ, సముద్రం ఏ రోజు ఎవరి సాక్ష్యం చెప్పింది?

తీగల్ని ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టడానికి ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. అన్నీ నల్లతీగలే కాబట్టి ప్రతి స్తంభం దగ్గరా తమ తీగకి ఒక రంగు గుడ్డపేలిక ముడేస్తారు. మావది ఎరుపు, భార్య పాత చీరలోంచి చింపినది. బామ్మర్దిది ఆకుపచ్చ. పైది మావ తీగ, కిందది వాళ్ళది. అయితే గాలివానకి ఉప్పు మడుల దారిలో స్తంభాలు ఒరిగితే, కరెంటు వాళ్ళు కొత్తవి పాతి, తీగలన్నీ కలిపి కట్టలా మళ్ళీ వేలాడదీసి పోయారు. ఇక పైదేదో కిందదేదో పేలిక చూసే తెలుసుకోవాలి.

ఆ రోజు ఆదివారం. పడమటి సముద్రంలో వాయుగుండమని టీవీలో చెబుతున్నారు. వేరావల్ బోట్ల మీదున్న మగవాళ్ళ కబురు కోసం పల్లె ఆడవాళ్ళు పొద్దున్నించీ ఒడ్డునే కూర్చున్నారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మాకు పొద్దున తెలిసింది ఒక్కటే: స్టేషను టీ కొట్టుకి విడిగా వెళ్ళే మావ తీగని ఎవరో తెగ్గోశారు.

మావ కటింగ్ ప్లేయరు జేబులో వేసుకున్నాడు.  బండి తీశాడు, నేను వెనకెక్కాను. ఉప్పు మడుల మధ్యలో ఒక స్తంభం దగ్గర ఆపి, వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.

"మావా, ఊరిపెద్ద చెప్పిన మాట..." అన్నాను.

"నువ్వు వాచీ సూడు మేస్టారూ. నన్ను సూడకు."

కోతిలా పైకి పాకాడు. రెండు తీగలు, రెండు పేలికలు. ఎండలో ఉప్పు కుప్పలు కళ్ళలో పొడుస్తున్నాయి. ఆయన చెయ్యి చూరు కింద పిట్టగూడు వెతికినట్టు కాసేపు తడిమి, కింది తీగ దగ్గర ఆగింది. టక్కుమంది. నల్లతీగ ఒకటి నీళ్ళలోకి పాములా జారింది. దిగి చేతులు దులుపుకుని నవ్వాడు. ఆయన ముఖంలో అంత హాయి అంతకుముందు పెళ్ళిభోజనాల దగ్గరే చూశాను.

అదే హుషారుతో పల్లెకి వెళ్ళాం. ఒడ్డున ఆడవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు, దేవుడికి హారతిస్తున్నట్టు.  ఒక ముసలమ్మ మావని చూసి లేచి వచ్చింది.

"గాలి సచ్చిపోనాది నాయనా. నా కొడుకు అమ్మా బోటు అన్నాడు. అంతే. బోటేటైనాదో సెప్పనేదు."

మావ ముఖం మారిపోయింది. ఆయన తీగ తెగింది. ఇవాళే, ఈ పూటే. ఎవడు కోశాడని అరిచాడు. జనం తలలు ఒక్కసారే ఒకవైపు తిరిగాయి. నాలుగిళ్ళ అవతల ఒక గోడకి నిచ్చెన వేసుకుని అప్పలసూరి డబ్బా బిగిస్తున్నాడు. బామ్మర్ది లైన్‌మన్. ఆ ఊరి అల్లుడే, భార్య పైడమ్మది ఆ పల్లె. అతని నడుముకి కటింగ్ ప్లేయరు వేలాడుతోంది. అంతకన్నా సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోయింది.

వాచీ అప్పటికే నా దగ్గరుంది. మావ నిచ్చెన కాళ్ళు పట్టి లాగేశాడు. అప్పలసూరి వెల్లకిలా పడ్డాడు.

"నాను కాదు మావా. పైడమ్మ మీదొట్టు. ఉప్పు మడుల దారినే రానేదు నాను."

మావ ఎడమచెయ్యి అతని దవడ మీద పడింది. ఇంకోసారి పడింది. ముక్కులోంచి రక్తం ఇసక మీద చుక్కలు చుక్కలుగా రాలి, అలాగే ఇంకిపోయింది. మూడోది పడేలోపే జనం వచ్చేశారు. ఒకడు తెడ్డు తెచ్చాడు. ఒకడు వలతాడుతో చేతులు కట్టబోయాడు. ముసలమ్మ పిడికిళ్ళతో అతని గుండెల మీద గుద్దుతూ, నా కొడుకు మాట కోసీసినావురా అంటోంది. తెడ్డు మోచేతి మీద పడినప్పుడు ఎండు సరుగుడు కొమ్మ విరిగిన చప్పుడైంది. నేను అడ్డం వెళ్ళాను. ఎవరిదో భుజం తగిలి ఇసకలో పడ్డాను. ఒక చెప్పు ఈనాటికీ దొరకలేదు. వాచీ మాత్రం చేతిలోనే ఉంది, నడుస్తూనే ఉంది.

"సాలు. వొగ్గీండి. సచ్చిపోతాడు" అని మావ అరుస్తున్నాడు. మనుషుల్ని ఒక్కొక్కర్నీ పట్టి అవతలికి విసురుతున్నాడు. ఎవరికీ వినపడ్డం లేదు. మొదలుపెట్టినవాడి మాట ముగించేవాళ్ళకి వినపడదు. ఆయన వీపు మీదా ఒక తెడ్డు విరిగింది. చివరికి ఎక్కడినుంచో పైడమ్మ పరుగెత్తుకొచ్చి మొగుడి మీద బోర్లా పడిపోయింది. ఆడకూతురి మీద దెబ్బ వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆమె పైకి చూసి ఒక్కటే అడిగింది.

"మీ అల్లుడ్రా ఈడు. దొంగని కొట్టినట్టు కొడతారేటి?"

"దొంగే" అన్నాడు ఊరిపెద్ద. "ఇంక మా ఒడ్డు తొక్కడు."

ఆటోలో ఎక్కించి టెక్కలి ఆస్పత్రికి పంపారు.

తీగ ఎక్కడ తెగిందో దూరం చెప్పే యంత్రం ఒకటి మావ బండి డిక్కీలో ఉండేది. దాన్ని తీగకి తగిలించి చూశాడు. మళ్ళీ చూశాడు. యంత్రం పాడైందన్నాడు. బండి తీసి, ఉప్పు మడుల దారిలో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ మెల్లగా నడిపాడు. ఒక స్తంభం దగ్గర ఆపాడు. పొద్దున ఆయన ఎక్కిన స్తంభమే.

నీళ్ళలోంచి తెగిన తీగ కొస తీశాడు. దానికి ముడేసిన పేలిక పాలిపోయి తెల్లగా ఉంది. పైన మిగిలిన తీగ పేలికా తెల్లగానే ఉంది. ఉప్పుగాలికి పార్టీలు లేవు. ఎరుపునీ ఆకుపచ్చనీ ఒకేలా తినేసింది. తడిసి బిగిసిన ముడి విప్పడానికి మావకి చాలాసేపు పట్టింది. విప్పాడు. ముడి లోపల, గాలి తగలని మడతలో, ఆవగింజంత ఎరుపు.

గట్టు మీద కూలబడ్డాడు. ఉప్పునీళ్ళలో కాళ్ళు వేలాడేసి, ఆ పేలికనే చూస్తూ కూర్చున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. 

"ఆడు ఒట్టేసినాడు మేస్టారూ" అన్నాడు. "పెల్లం మీదొట్టేసినాడు. నాను ఇన్నేదు."

అతుకు మిషను తీసి తీగ తనే అతికాడు. కాసేపటికి పల్లెలో ఫోన్లు మోగాయి. బోట్లు ఒడ్డుకి చేరాయట, ముసలమ్మ కొడుకు క్షేమమట. ఆ కబురు మాకు టెక్కలి దారిలో తెలిసింది. మావ ఆనందించలేదు.

ఆస్పత్రిలో అప్పలసూరి కుడిచెయ్యి కట్టులో ఉంది. కన్నొకటి పూర్తిగా మూసుకుపోయింది. మావ మంచం పక్కన నిలబడ్డాడు. అలవాటుగా వాచీ కోసం మణికట్టు తడుముకుని, అది నా దగ్గరుందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నానే కోసినాను సూరీ. మీ తీగనుకుని నాదే కోసీసినాను. కొట్టీ. ఎడం సెయ్యి బాగానే ఉన్నాది కదా, కొట్టీ."

అప్పలసూరి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొట్టింది పైడమ్మ. చేతిలో ఉన్న స్టీలు క్యారేజీతో, గంజి వేడిగా ఉండగానే. నుదురు చీలి కంటిలోకి రక్తం దిగింది. మళ్ళీ ఎత్తింది. ఆయన తల వంచి అలాగే నిలబడ్డాడు. అంత పొడుగాటి చేతులూ పక్కలకి వేలాడుతూ ఉండిపోవడం నేను మొదటిసారి చూశాను. క్యారేజీ గిన్నెలు ఊడి దొర్లాక ఆమె అలిసిపోయి మాట్లాడింది.

"నువ్వు ఇక్కడ సెప్తే ఏటి లాబం? నా మొగుణ్ణి దొంగన్నది ఇక్కడా? మా ఊర్లో సెప్పు. ఊరంతటికీ సెప్పు."

బయటికొచ్చాక మావకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు, అయినా గుర్తుచేశాను. చెబితే ఆ పల్లె పోతుంది. పల్లె పోతే ఆ దారిలో డబ్బాలన్నీ దండగ. గాలివల అనుకున్నది గాలిమేడ అవుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. యంత్రం ఆయనది, పేలిక ఆయన జేబులో ఉంది. నేనా, వాచ్‌మన్‌ని.

నుదుటికి గుడ్డ అదుముకుని విన్నాడు.

"నోటితో సెప్తే పదిమందే వింటారు మేస్టారూ. డబ్బాలకి పేరు మార్సు. అన్నిటికీ. కోసింది నానే అని."

కంట్రోల్ రూములో కూర్చుని టైపు చేశాను. అలవాటు కొద్దీ "కోసింది నేనే" అని సవరించాను.

"నేనే అంటే మేస్టారు కోసినాడనుకుంటారు" అన్నాడు. "నానే అని రాయి. అది నా గొంతు."

ఒక్కసారిగా ఒడ్డున, ఉప్పు మడుల దారిలో, స్టేషన్లో, ఫోను తెరిచిన ప్రతివాడికీ అదే కనిపించింది. మర్నాడు పొద్దున ఆయన ఒక్కడే పల్లెకి బయల్దేరుతుంటే వెనకెక్కాను. వాచీ అడగలేదు. మేం వెళ్ళేసరికే గుంజ కూలదోసి ఉంది. తెల్లడబ్బాని లంగరు రాయితో బాదుతున్నారు. మావని చూసి ఆ రాయి వదిలి ఆయన్ని పట్టుకున్నారు. నిన్న అప్పలసూరిని కొట్టిన చేతులే. చెయ్యని నేరానికి కొట్టించాడన్న కోపంతో ఇవాళ రెట్టింపుగా కొట్టారు. ఆయన కింద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. పక్కటెముక ఒకటి విరిగింది. ఒక్క దెబ్బ తిరిగి వెయ్యలేదు. ఊరిపెద్ద వచ్చి ఆపి, ఆయన చెప్పులు తీసి ఒడ్డు బయటికి విసిరాడు.

"నీ మాట నిజమే గాబట్టి పేణంతో పోతన్నావు. ఇంక రాకు."

ఇసకలో ఉమ్మి, రక్తం తుడుచుకుని, "అప్పలసూరి?" అని అడిగాడు మావ.

"మా అల్లుడు. వస్తాడు పోతాడు. నీకెందుకు?"

తెలుసుకోవాల్సింది అంతే కాబోలు, చెప్పులేసుకుని నడిచాడు. పల్లె బామ్మర్దికి దక్కింది. మావ అప్పలసూరిని తన దగ్గర పనికి రమ్మని కబురంపితే, నీ సెయ్యి బరువు మావా, నాను రాను అని తిరిగి కబురొచ్చింది. వాచీ ఆయన చేతికి నేనే పెట్టాను. ఆ తర్వాత అది నా చేతికి మళ్ళీ రాలేదు. చెయ్యి మానుకున్నాడు గానీ నోరు మానుకోలేదు. ఆయన తిట్లు ఇక్కడ రాస్తే ఈ వ్యాసం కూడా నా కవితల్లాగే తిరిగొస్తుంది.

నాకు పొందూరు బదిలీ అయింది. ఆయన్ని చంపుతామన్నవాళ్ళు చాలామందే ఉండేవారు. ఎవరికీ అవకాశం ఇవ్వకుండా, ఒక మధ్యాహ్నం చేపలపులుసు తిని పడుకుని లేవలేదు. పాడె ముందు కొమ్ము పట్టింది బామ్మర్దేనని విన్నాను.

టీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి, చూరు పక్క స్తంభానికి ఒకతను నిచ్చెన చేరేశాడు. కుడిచెయ్యి మోచెయ్యి దగ్గర వంగి ఉండిపోయింది, చాచడం రావడం లేదు. చూడగానే పోల్చుకున్నాను.

"మేస్టారూ, నువ్వేటి ఇలగొచ్చినావు?" అన్నాడు అప్పలసూరి. మావ పోయాక ఆయన భార్యే డబ్బాలన్నీ తన తమ్ముడికి అప్పజెప్పిందట. ఈ దారంతా ఇప్పుడు ఇతనే చూస్తున్నాడట.

ఫోను చూపించాను. "ఈ పేరు ఇంకా ఉందేం?"

"కంపెనీవోలు అన్నిటికీ ఒకటే పేరెట్టమన్నారు. ఎట్టినాను. దీనికెట్టనేదు."

"మావ మీద అభిమానమా?"

నవ్వాడు. "అబిమానమేటి? సలికాలం వస్తే ఈ సెయ్యి ఇప్పటికీ ఆడ్ని తిడతాది." టీ కొట్టులో కూర్చున్న కొత్తమొహాల వైపు కళ్ళతో చూపించాడు. "ఆ దినం సూసినోలు సగం మంది లేరు. కొత్తోలు నా సెయ్యి సూసి ఏటైనాదంటారు. తీగ కోసి దొరికిపోతే ఊరు కొట్టినాదట అని పక్కోడు సెప్తాడు. అప్పుడు నాను ఏటీ అనను. ఫోను తీసి సూడండి, అది మావ రాయించిన మాట అంటాను. ఈ పేరు మార్సీసిన దినం మళ్ళీ నానే కోసినట్టయిపోతాది మేస్టారూ."

నన్ను నిచ్చెన పట్టుకోమన్నాడు. ఒంటిచేత్తో పైకెక్కి, మావ తీగకున్న పాత పేలిక ఊడదీశాడు. జేబులోంచి కొత్తది తీసి ముడేశాడు. ఎర్రది. ఒక చెయ్యి సరిగ్గా పనిచెయ్యదు గనక ముడిని పళ్ళతో బిగించాడు.

పాత పేలిక నా కాళ్ళ దగ్గర పడింది. తెల్లగా ఉంది, ముడి ఇంకా అలాగే ఉంది. విప్పి చూడలేదు. లోపల ఏ రంగుందో నాకు తెలుసు.